పొడుగు పిల్లలు లేని ఊళ్లో బాస్కెట్‌బాల్ జట్టు కట్టడం

కొత్తగా బాస్కెట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టిన పీఈటీలు నన్ను ముందుగా అడిగేది ప్లేల గురించే, అంటే ముందే అనుకుని ఆడే ఎత్తుగడల గురించి. "మేడం, మీరు ఏ ప్లేలు ఆడిస్తారు?" అంటారు. ప్లేల సంగతి తర్వాత. ముందు ఓ వంద పేజీల నోటుబుక్కు కొని, పేజీకి మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మన చేతిలోంచి పోయిన బంతులు: తప్పు పాస్, ట్రావెలింగ్ (బంతి పట్టుకుని రూలుకి మించి అడుగులు వేయడం), డబుల్ డ్రిబుల్ (బంతిని నేలకి కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టడం), ఏదైనా సరే. రెండో గడిలో అవతలి జట్టు పరుగెత్తుకొచ్చి, అడ్డమనేదే లేకుండా వేసిన బాస్కెట్లు. మూడో గడిలో వాళ్లు షాట్ తప్పాక కూడా తిరిగి వాళ్లకే దొరికిన రీబౌండ్లు. మ్యాచ్ జరుగుతుంటే కాలు బెణికి కూర్చున్న పిల్ల ఎవరైనా ఈ గళ్లలో గీతలు పెడుతుంది. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారన్నది అందులో రాయించొద్దు. అది స్కోరర్ టేబుల్ దగ్గర ఎలాగూ రాస్తారు, ఇంటికెళ్లి పిల్లలు చెప్పుకునేదీ అదే.

నేను నేర్పేది ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో. ఇది మా అత్తవారి ఊరు, పుట్టిల్లు విజయనగరం. కాలేజీ రోజుల్లో గార్డ్‌గా, అంటే బంతి నడిపించే స్థానంలో ఆడాను. నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో కొందరు ఊళ్లోని తెలుగు, ఒడియా ఇళ్లవాళ్లు, కొందరు ఆంధ్రా వైపున్న పాతపట్నం నుంచి సరిహద్దు దాటి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, మిగతావాళ్లు కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే సవర పిల్లలు. ఐదడుగుల ఐదంగుళాలు దాటిన పిల్ల దొరికితే మాకు పండగే. రింగు మాత్రం పొట్టివాళ్లకైనా పొడుగువాళ్లకైనా 3.05 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

అందుకే నా లెక్క బంతి నుంచి మొదలవుతుంది. అండర్-17 ఆడపిల్లల మ్యాచుల్లో స్కోరు తరచూ ముప్పైల్లో, నలభైల్లో తేలుతుంది. అలాంటి మ్యాచులో ఉత్తపుణ్యానికి ఇచ్చిన ఎనిమిది బాస్కెట్లంటే పదహారు పాయింట్లు. ఎంత గొప్ప షూటరైనా ఆ పదహారు తిరిగి తేవడానికి నానా తంటాలు పడాలి. బంతి పోగొట్టుకోకుండా ఉండటం, పోతే వెంటనే వెనక్కి పరుగెత్తడం, రీబౌండ్ వదలకపోవడం, ఈ మూడింటికీ ఎత్తు అక్కర్లేదు. నేర్పే కోచ్‌కి ఓపిక కావాలి, అంతే.

ఎవరిని తీసుకోవాలి

కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల దగ్గరికి ముందు వెళ్లండి. ఖోఖో పిల్లకి పరుగులో ఉన్నపళంగా దిశ మార్చడం వచ్చు. కబడ్డీ పిల్లకి మోకాళ్లు వంచి కిందికి ఉండటం వచ్చు, పైగా ఒళ్లు తగిలితే జడవదు. బాస్కెట్‌బాల్ డిఫెన్స్‌కి కావలసినవి సగం వాళ్ల దగ్గర ముందే ఉంటాయి. మిగతా సగం మనం నేర్పుతాం.

సెలక్షన్‌కి పెద్ద పెద్ద పరీక్షలు అక్కర్లేదు. ముగ్గురేసి జట్లుగా సగం కోర్టులో ఆడించి, బంతి పోగొట్టుకున్న పిల్ల ఆ తర్వాత మూడు సెకన్లు ఏం చేస్తోందో చూడండి. తల పట్టుకుని నిలబడుతుందా, పక్కపిల్లని కసురుతుందా, వెనక్కి పరుగెత్తుతుందా? పరుగెత్తిన పిల్ల పేరు ముందు రాసుకోండి. జట్టుకి పన్నెండు మంది కావాలి. మ్యాచులో నిజంగా తిరిగేది ఏడెనిమిది మందే, కానీ మిగతా నలుగురైదుగురు కూడా సరదాగా రాకపోతే ప్రాక్టీసులో ఐదుగురికి ఐదుగురు దొరకరు.

పొడుగు పిల్ల దొరికితే వద్దనకండి. కాకపోతే ఆమెకి అడుగులు కుదరడానికి అందరికంటే ఎక్కువ కాలం పడుతుంది. రింగు కింద నిలబెట్టి చేతులెత్తమని చెప్పి వదిలేస్తే రెండేళ్లయినా ఆమెకి వచ్చేది చేతులెత్తడమే. అందరితోపాటు ఆమెతోనూ డ్రిబుల్ చేయించాలి.

కాళ్లు

అమెరికాలో యూసీఎల్ఏ యూనివర్సిటీ జట్టుకి 1964 నుంచి 1975 దాకా పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు తెచ్చిపెట్టిన కోచ్ జాన్ వుడెన్, సీజన్ మొదటి రోజు ఆటగాళ్లకి నేర్పేది సాక్సులు ముడతలు పడకుండా ఎలా తొడుక్కోవాలో. ఇది వింటే మన పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. మన దగ్గర సమస్య అంతకంటే ముందే మొదలవుతుంది. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక సైజు ఎక్కువ కొన్న స్కూలు బూట్లు, లోపల సాక్సులుండవు. సిమెంటు కోర్టు మీద గంట ఆడితే మడమల మీద బొబ్బలు. మర్నాడు పిల్ల రాదు, ఎందుకు రాలేదో చెప్పదు. కాబట్టి బంతులకి డబ్బు పోగుచేసే ముందు సాక్సులకి పోగుచేయండి. బూటు వదులైతే రెండు జతలు తొడిగించండి, లేసు చివరి కన్నం దాకా లాగి కట్టించండి.

తర్వాత ఆగడం నేర్పాలి. బంతి పట్టుకుని రెండు కాళ్లూ ఒకేసారి నేల మీద ఆనిస్తే ఏ కాలినైనా పివట్‌గా, అంటే నేల మీద నుంచి కదపకుండా దాని మీదే తిరిగే కాలుగా వాడుకోవచ్చు. ఒకదాని తర్వాత ఒకటి ఆనితే మొదట ఆనిన కాలే పివట్. చిన్న పిల్లలకి మొదటిదే నేర్పండి, ట్రావెలింగ్ విజిళ్లు సగానికి సగం తగ్గుతాయి. పరుగు, ఆగడం, పివట్ మీద తిరగడం, పాస్. మొదటి రెండు వారాలు ఇదే. పిల్లలు "షూటింగ్ ఎప్పుడక్కా?" అని ప్రాణం తీస్తారు. ప్రాక్టీసు చివర పది నిమిషాలు వాళ్లకిష్టమైనట్టు వేసుకోనివ్వండి, లేకపోతే మూడో వారం ఎవరూ మిగలరు.

వానాకాలం మా కోర్టు పాచి పట్టి జారుతుంది. అప్పుడు బడి వరండాయే దిక్కు. పివట్, గోడకి చెస్ట్ పాస్, డిఫెన్స్ స్టాన్స్‌లో పక్కకి జరగడం, ఇవన్నీ వరండాలో బ్రహ్మాండంగా జరుగుతాయి.

గంటన్నరలో ఏం చేయించాలి

మాకు దొరికేది సాయంత్రం గంటన్నర. ఎండాకాలం అయితే పొద్దున్న ఐదున్నరకే మొదలుపెట్టి ఏడింటికి ముగించేస్తాం. ఆ తర్వాత సిమెంటు మీద కాలు పెట్టలేం.

మొదటి పది నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి. ఊరికే కోర్టు చుట్టూ పరుగెత్తించకండి, డ్రిబుల్ చేస్తూ జిగ్‌జాగ్‌గా వెళ్లమనండి, ఒకసారి కుడి చేత్తో, ఒకసారి ఎడమ చేత్తో. తర్వాత పావుగంట లేఅప్, అంటే రింగు దాకా పరుగెత్తుకొచ్చి ఎగిరి దగ్గర్నుంచి వేసే షాట్. కుడి చేతి లేఅప్‌కి చివరి రెండు అడుగులు కుడి, ఎడమ, ఆ ఎడమ కాలి మీద లేవడం. ఎడమ చేతికి దీనికి తలకిందులు. రింగుకి పక్కగా, ఏటవాలుగా రావాలి, బోర్డు మీది చిన్న గడి పైమూలకి బంతి మెల్లగా తగలాలి. బోర్డు మీద గడి చెరిగిపోయి ఉంటే తెల్ల పెయింట్ డబ్బా కొని మీరే వేసుకోండి: అడ్డం 59 సెంటీమీటర్లు, నిలువు 45. ఎవరినీ అడుగుతూ కూర్చోవద్దు.

లేఅప్‌ని ఒక్కొక్కరి లెక్కన చూడొద్దు. రెండు నిమిషాల్లో జట్టంతా కలిసి ఎన్ని వేసిందో గట్టిగా లెక్కపెట్టించండి, నిన్నటి అంకె దాటమనండి. వారం గడిచాక డిఫెండర్‌ని వెనకాల ఒక అడుగు దూరంలో పరుగెత్తించండి. ఖాళీ కోర్టులో పదికి తొమ్మిది వేసే పిల్ల, వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే నాలుగు వేస్తుంది. మ్యాచులో పనికొచ్చేది ఆ నాలుగే.

షాట్ తప్పినందుకు, ఆలస్యమైనందుకు రౌండ్లు పరుగెత్తించే అలవాటు మన పీఈటీల్లో చాలామందికి ఉంది. నాకది అస్సలు నచ్చదు. మనం ఆడే ఆటంతా పరుగే. పరుగు శిక్ష అని పిల్ల బుర్రలో పడిందంటే, మ్యాచులో బంతి పోయినప్పుడు వెనక్కి పరుగెత్తమని ఏ మొహంతో చెబుతాం? ఆలస్యంగా వచ్చిన పిల్ల చేత బంతులు తుడిపించండి.

ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసే ఫ్రీత్రోలు ప్రాక్టీసు మధ్యలో, ఆయాసంతో ఉన్నప్పుడే వేయించండి, రెండేసి చొప్పున. మ్యాచులో ఎవరికీ వరసగా ఇరవై ఫ్రీత్రోలు రావు.

డిఫెన్స్

ఇక్కడ నేను కాస్త మొండిదాన్నే. అండర్-14 స్థాయిలో 2-3 జోన్ వేసి, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు మనిషిని కాక చోటుని కాసేలా చేసి, రింగు కింద ఐదుగురిని గుంపుగా నిలబెడితే జిల్లా పోటీలు గెలవొచ్చు, ఎందుకంటే అవతలి పిల్లలకి బయట నుంచి షాట్ రాదు. గెలుస్తారు, కప్పు వస్తుంది, పేపర్లో ఫొటో పడుతుంది. పైస్థాయిలో దూరం నుంచి వేసే పిల్లలు ఎదురైతే ఆ జోన్ చెదిరిపోతుంది, అప్పటికి మన పిల్లకి ఒంటరిగా ఒకరిని ఆపడం రాదు. మొదటి ఏడాదంతా మ్యాన్-టు-మ్యాన్, అంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాయడం నేర్పండి. జోన్ నేర్పాలంటే తర్వాత వారం రోజులు చాలు.

దీనికి షెల్ డ్రిల్‌ని మించింది నాకు తెలీదు. నలుగురు అటాకర్లు త్రీ పాయింట్ గీత చుట్టూ నిలబడతారు, నలుగురు డిఫెండర్లు లోపల. మొదట పాస్‌లు మాత్రమే, షాట్ లేదు. బంతి ఉన్న పిల్ల మీద ఒక డిఫెండర్ చేయి చాచినంత దూరంలో ఉంటుంది. ఒక పాస్ దూరంలో ఉన్న అటాకర్‌ని కాసే పిల్ల పాస్ దారిలో చేయి పెడుతుంది. రెండు పాస్‌ల దూరంలో ఉన్న అటాకర్‌ని కాసే పిల్ల ఆమెని వదిలేసి, పెయింట్‌లో (రింగు ముందున్న గడిలో) ఒక కాలు పెట్టి నిలబడాలి. పిల్లలకి ఎక్కనిది ఇదే. "నా మనిషిని వదిలేస్తే ఎలాగక్కా?" అంటారు. ఒక చేత్తో బంతిని, ఇంకో చేత్తో తన మనిషిని చూపించమనండి. రెండు వేళ్లూ రెంటినీ చూపిస్తున్నంతసేపు ఆమె సరైన చోట ఉన్నట్టే. బంతి గాల్లో ఉండగానే నలుగురూ కదలాలి, అవతలి పిల్ల చేతిలో పడ్డాక కదిలితే ఆలస్యమే. పాస్‌కి ఒకసారి ఆపి, ఎవరెక్కడున్నారో చూపించి, మళ్లీ నడిపించండి. నాలుగు రోజులకి ఆపక్కర్లేదు. అప్పుడు డ్రిబుల్ వదలండి, ఆ తర్వాత షాట్. షాట్ పడ్డాక రీబౌండ్ దొరికేదాకా డ్రిల్ ఆగకూడదు.

నోరు విప్పని పిల్లలతో డిఫెన్స్ జరగదు. మా జట్టులో ఇంట్లో మాట్లాడే భాషలే మూడు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు కూడా తయారుచేసిన ఊళ్లోనే ఉన్నా, నాకొచ్చిన సవర గుప్పెడు మాటలే. అందుకే కోర్టు మాటలు నాలుగు పెట్టుకున్నాం: బాల్, హెల్ప్, స్క్రీన్ (అవతలి పిల్ల మన డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం), షాట్. ఇవి కాక ఇంకేం అరిచినా లెక్కలోకి రాదు. ఒక సవర పిల్ల నెలల తరబడి నాతో మాట్లాడిందే లేదు. ఆమెని వెనక వరసలో, కోర్టంతా కనబడే చోట పెట్టాను. అక్కడ నిలబడ్డ పిల్ల "స్క్రీన్" అనకపోతే ముందున్న పిల్లకి భుజం పగులుతుంది. రెండుసార్లు పగిలాక అరిచింది. ఇప్పుడు జట్టులో అందరికంటే పెద్ద గొంతు ఆమెదే, కోర్టు బయట మాత్రం ఇప్పటికీ తలూపడమే.

రీబౌండ్‌కి బాక్సౌట్. షాట్ లేవగానే మన పిల్లలు బంతిని చూస్తూ నిలబడతారు. చూడాల్సింది ముందు తన మనిషిని: ఆమెకి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, చేతులు పైకెత్తి, తర్వాత బంతి. మధ్య వృత్తంలో బంతి పెట్టి, చుట్టూ ముగ్గురు డిఫెండర్లు బయటి ముగ్గురిని ఐదు సెకన్లు బంతి ముట్టుకోనివ్వకుండా ఆపే ఆట ఆడించండి. పొట్టి పిల్లలు పొడుగు పిల్లల్ని ఆపుతారు. అది వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి.

మనం షాట్ వేసినప్పుడు ముగ్గురు రీబౌండ్‌కి, ఇద్దరు వెనక్కి. ఆ ఇద్దరెవరో ముందే తెలిసుండాలి. షాట్ పడుతుందో లేదో చూడటానికి వాళ్లు ఆగకూడదు. నోటుబుక్కులో రెండో గడి నిండిపోతోందంటే ఎక్కువగా కారణం ఇక్కడే దొరుకుతుంది.

బంతి మన చేతిలో ఉంటే

వదిలేస్తే పిల్లలు బెల్లం చుట్టూ చీమల్లా బంతి చుట్టూ మూగుతారు. ఐదుగురినీ త్రీ పాయింట్ గీత మీద, మనిషికి మనిషికి నాలుగైదు మీటర్ల ఎడంతో నిలబెట్టండి. సుద్దతో గుర్తులు పెట్టండి. పాస్ ఇచ్చిన పిల్ల రింగు వైపు కోసుకుని వెళ్లాలి, తిరిగి పాస్ వస్తే లేఅప్, రాకపోతే అవతలి మూలకి. ఖాళీ అయిన చోటులోకి పక్కపిల్ల జరుగుతుంది. డిఫెండర్ పాస్ దారిలో చేయి పెడితే ఆమె వీపు వెనక నుంచి రింగుకి వెళ్లాలి, దీన్ని బ్యాక్‌డోర్ అంటారు. నా జట్లకి మొదటి ఏడాది ఇంతే, ఇంకో ప్లే లేదు. డ్రిబుల్ లేకుండా ఐదుగురు ఐదుగురితో ఆడించండి. బంతి లేని నలుగురూ కదలక తప్పదు.

త్రీ పాయింట్ షాట్ గురించి నన్ను తిట్టుకున్నా సరే, అండర్-14లో వేయించను. 6.75 మీటర్ల దూరం నుంచి బంతి రింగుకి చేరాలంటే ఆ పిల్ల నడుము నుంచి రెండు చేతులతో విసరాలి. ఒకసారి ఆ విసురుడు అలవాటైతే మాన్పించడం నా తరం కాదు. రింగు ముందు రెండడుగుల్లో ఒంటిచేత్తో మొదలుపెట్టి, పది వేస్తే ఒక అడుగు వెనక్కి.

ఫుల్‌కోర్ట్ ప్రెస్ ఎదురైతే, అంటే అవతలివాళ్లు కోర్టంతా మీద పడి కాస్తే, మన పిల్లలు బంతి పట్టుకుని పక్కగీత వెంట పరుగెత్తుతారు. ప్రెస్ చేసేవాళ్లకి కావలసిందే అది. సగం గీత దాటగానే మూలన ఇద్దరు కమ్మేస్తారు, వెనక్కి పాస్ ఇస్తే బ్యాక్‌కోర్ట్ తప్పు, బంతి వాళ్లకి పోతుంది. ఎనిమిది సెకన్లలో సగం దాటాలి కాబట్టి గాభరా సహజం. ఒక పిల్ల ఎప్పుడూ మధ్య వృత్తంలోకి బంతికి ఎదురు రావాలి, ఇదొక్కటి గుర్తుంటే చాలు. ఆమెకి బంతి అందితే ప్రెస్ విరిగినట్టే.

అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ కోచ్ డీన్ స్మిత్ ఓ అలవాటు పెట్టాడు: బాస్కెట్ వేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. ఖర్చు లేని పని, మీరూ పెట్టండి. మా పిల్లల్లో తెలుగువాళ్లు తెలుగువాళ్లకి, ఒడియావాళ్లు ఒడియావాళ్లకి పాస్‌లిచ్చుకునే పిచ్చి దీంతోనే తగ్గింది.

ఇళ్లవాళ్లు

ఆడపిల్లల జట్టు కట్టాలంటే సగం పని కోర్టు బయటే. నిక్కరు వేసుకోవాలంటే నాయనమ్మ ఊరుకోదు. లోపల నల్ల లెగ్గింగ్, పైన మోకాళ్ల దాకా షార్ట్ అంటే ఏ ఇంట్లోనూ కాదనలేదు. నెలసరి రోజుల్లో పంపబోమనే తల్లులకి వాదన పెట్టుకోకుండా "రమ్మనండి, ఒంట్లో బాగుంటే ఆడుతుంది, లేకపోతే స్కోరు రాస్తుంది" అనండి. చీకటి పడ్డాక ఏ పిల్ల ఎవరితో ఇల్లు చేరుతుందో మీ దగ్గర రాసి ఉండాలి. పాతపట్నం పిల్లలు గుంపుగా కదిలాకే నేను తాళం వేస్తాను.

"బాబూ, పదో తరగతి కదేటి, ఆటలేటి ఇప్పుడు?" అని నాన్నలు జనవరిలో వస్తారు. పరీక్షల రెండు నెలలూ వారానికి రెండు రోజులే అని మీరే ముందు చెప్పేయండి. పట్టుబడితే పిల్ల మొత్తానికే పోతుంది.

ఆకలి సంగతి కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం బడి భోజనం తప్ప ఏమీ తినకుండా ఐదింటికి వచ్చే పిల్లలుంటారు. వేరుశనగ ఉండ, అరటిపండు చాలు. వారానికి ఒకరి ఇంటి నుంచి తెచ్చేలా మాట్లాడుకోండి.

మ్యాచ్ రోజు

టైమౌట్లు మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. ఒక్కోటి నిమిషం. ఆ నిమిషంలో పిల్లలు నీళ్లు తాగి ఊపిరి పీల్చుకునేసరికి సగం అయిపోతుంది, మిగతా సగంలో ఒక్క మాటే చెప్పండి. నేను మాత్రం అవతలివాళ్లు వరసగా మూడు బాస్కెట్లు వేస్తే ఆలోచించకుండా తీసుకుంటాను.

క్వార్టర్లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదో దాని నుంచి అవతలివాళ్లకి రెండు ఫ్రీత్రోలు. ఈ లెక్క బెంచ్ మీద ఒకరికి అప్పగించి, నాలుగు కాగానే అరవమనండి. ఐదు ఫౌళ్లకి పిల్ల బయటికి. మొదటి సగంలోనే రెండు పడితే కూర్చోబెట్టమని చాలామంది అంటారు. నేను పిల్లని చూసి తేలుస్తాను: మూడో ఫౌల్ భయంతో జాగ్రత్తగా ఆడే పిల్లని ఉంచుతాను, ఉడుక్కునే పిల్లని దింపుతాను.

పోటీలకి బయల్దేరే ముందు కాగితాలు. స్కూలు పోటీల్లో చదివే బడి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం తరఫునే ఆడాలి. ఆంధ్రాలో ఇల్లు, ఒడిశాలో బడి ఉన్న పిల్లలకి ఆధార్‌లో ఒక అడ్రసు, బడి రిజిస్టర్లో ఇంకో అడ్రసు ఉంటాయి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పుట్టిన తేదీ రెండింట్లోనూ ఒకటే ఉందో లేదో జూన్‌లోనే చూడండి, తేడా ఉంటే సరిచేయించడానికి టైం ఉంటుంది. పోటీల వారం ముందు చూస్తే మంచి పాయింట్ గార్డ్ ఇంట్లో కూర్చుంటుంది. జనన సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్ రెండేసి జిరాక్సులు, పాస్‌పోర్ట్ ఫొటోలు అరడజను. ఒరిజినల్స్ మీ బీరువాలో ఉంచుకోకుండా ఊరు చేరిన రోజే తల్లిదండ్రుల చేతికి ఇచ్చేయండి.